సిరోంచాలో లాటరీ టికెట్ కొనాలంటే

తమ్మీ, మహారాష్ట్ర అంచున ఉన్న మన సిరోంచాకు కొత్తగా వచ్చి రెండు సంగతులు అడిగావు: మహారాష్ట్ర లాటరీ ఎలా ఆడాలి, వాట్సాప్‌లో కేరళ టికెట్ పంపిస్తామంటే కొనొచ్చా అని. రెండోది ముందు చెప్తా. ఒక్క రూపాయి కూడా పంపకు. కేరళది కాగితం టికెటే, ఆన్‌లైన్ అమ్మకం లేదు. "నీకు ప్రైజ్ తగిలింది, ముందు ఫీజు కట్టు" అని ఫోనొస్తే అది పక్కా మోసం.

మహారాష్ట్ర రాజ్య లాటరీ 1969 నుంచి నడుస్తున్న సర్కారు లాటరీ. వారం వారం డ్రాలుంటాయి, గుడిపాడ్వా (మరాఠీ ఉగాది), దివాళీకి బంపర్లు. అచ్చయిన టికెట్ మీద రాష్ట్రం ముద్ర, సిరీస్, నంబర్, డ్రా తేదీ చూసుకుని తీసుకో. చిట్టీ మీద అంకె రాసిస్తే అది మట్కా, దాని జోలికి పోకు. 1998 లాటరీల నియంత్రణ చట్టం ప్రకారం ఒంటి అంకె మీద లాటరీయే నడపకూడదు. గోదావరి దాటి కాళేశ్వరంలో చుట్టాలకు అమ్మిపెట్టే ఆలోచన కూడా వద్దు, తెలంగాణలో లాటరీ అమ్మకం నిషేధం.

కొన్న వెంటనే టికెట్ వెనక పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టు, ఫోటో తీసుకో. పది లక్షలు తగిలితే 30% చొప్పున మూడు లక్షలు టీడీఎస్ (చేతికివ్వకముందే కోసుకునే పన్ను) పోతుంది. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు ఆ మూడు లక్షల మీద 4% సెస్సు, అంటే మరో 12,000.