తమ్ముడూ, ఏడుపొచ్చిన చోట కాదు, దానికి ముందు నుంచి రాయి

తమ్ముడూ,

ఫైనల్ ఫాంటసీ సెవెన్ అనే వీడియో గేమ్ మీద నువ్వు రాసి పంపింది చదివాను. అందులో మన జట్టులో ఉండే ఏరిత్ అనే అమ్మాయి చనిపోయినప్పుడు గుండె పగిలింది, ఏడుపు ఆగలేదు, అలాంటి గేమ్ మళ్ళీ రాదు అన్నావు. నీ ఏడుపు నిజమేనని నమ్ముతాను. కానీ ఆ గేమ్ మొహం కూడా చూడనివాళ్ళు ఇది చదివితే నీకెందుకు ఏడుపొచ్చిందో వాళ్ళకి తెలీదు, ఎందుకంటే నువ్వు కత్తి దిగిన చోట మొదలుపెట్టావు, మమకారం పుట్టింది అక్కడ కాదు కదా.

అది అంతకుముందు గంటల తరబడి నువ్వు చేసిన చాకిరీలో పుట్టింది. ఆ అమ్మాయికి ఏ మెటీరియా, అదే మంత్రశక్తి ఇచ్చే గోళీ, పెట్టాలా అని మెనూలో కూర్చుని ఆలోచించావు, ఫైట్ మీద ఫైట్ చేసి లెవెల్స్ పెంచావు, అందరి దెబ్బలూ మాన్పేది తనే కాబట్టి వెనక వరసలో నిలబెట్టి కాపాడుకున్నావు. 1997లో ప్లేస్టేషన్‌కి మూడు డిస్కుల్లో వచ్చిన గేమ్ అది, మొదటి డిస్కు చివర్లోనే విలన్ సెఫిరాత్ ఆమెని చంపేస్తాడు, వెంటనే పెద్ద శత్రువుతో బాస్ ఫైట్. మామూలుగా అయితే బాస్ మ్యూజిక్ దడదడలాడుతూ రావాలి, రాదు. నోబువో ఉఎమాత్సు కట్టిన ఏరిత్ ట్యూనే ఫైట్ అయిపోయేదాకా మెల్లగా వస్తూ ఉంటుంది, నువ్వేమో అటాక్ నొక్కుతూనే ఉండాలి. ఇంట్లో మనిషి పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకి కాఫీలు పెడుతూ తిరిగే ఆడవాళ్ళని చూశావుగా, అదీ ఆ ఫైట్. ఆ తర్వాత ఆమెకి పెట్టిన మెటీరియా నీ దగ్గరికి తిరిగొస్తుంది, లెవెల్స్ మాత్రం రావు. ఇది రాయి తమ్ముడూ, ఏడ్చానని వేరే చెప్పక్కర్లేదు.

యానిమేలో, అదే జపాన్ కార్టూన్లలో, మన చేతికి పనుండదు, అక్కడ మమకారం ఇంకోలా పెరుగుతుంది. సముద్రపు దొంగల కథ వన్ పీస్ యానిమే 1999లో మొదలైంది, వాళ్ళ ఓడ గోయింగ్ మెర్రీని సాగనంపేది 312వ ఎపిసోడ్‌లో. గొర్రె తల ఉన్న చిన్న ఓడ, మనిషి కూడా కాదు. దెబ్బ తగిలినప్పుడల్లా ఆ జట్టులోని ఉసోప్ వడ్రంగం రాకపోయినా తనకి తెలిసినట్టు రేకు ముక్కలు కొట్టి అతుకులేస్తాడు, మనం ఆ అతుకుల్ని అన్నాళ్ళూ పట్టించుకోకుండా చూస్తూ వచ్చాం. చివరికి కెప్టెన్ లూఫీ తన చేత్తోనే దానికి నిప్పు పెడతాడు, కాలిపోతూ ఆ ఓడ మిమ్మల్ని ఇంకొంచెం దూరం తీసుకెళ్ళాలనుకున్నాను, క్షమించండి అంటుంది. నన్నడిగితే అక్కడ ఏడిపించేది మంట కాదు, ఆ రేకులే. యానిమే గురించి రాసేటప్పుడు నీ రేకు ముక్క ఏదో ముందు వెతుక్కో.

ఇక "ఆ రోజులే వేరు" అన్న వాక్యం తీసెయ్, అది ఎవరైనా రాస్తారు. అదే పేరాలో అక్కతో కలిసి కాంట్రా ఆడేవాళ్ళం అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, నాకు మొత్తం వ్యాసంలో అదే కావాలనిపించింది. వేసవి సెలవుల్లో టీవీకి తగిలించి ఆడే ఆ క్యాసెట్ గేమ్ తెలుగు ఊళ్ళలో ఎంతమంది ఆడారో కదా. పైకి పైకి కిందకి కిందకి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ, ఈ వరసలో బటన్లు నొక్కితే 30 లైఫులు, ఇది చాలామందికి ఇప్పటికీ కంఠస్థమే, కాబట్టి అక్కడ ఆగొద్దు. జలపాతం స్టేజ్ గుర్తు తెచ్చుకో. ఒకళ్ళు గబగబా పైకెక్కేస్తే స్క్రీన్ కూడా పైకి జరిగిపోతుంది, కింద మిగిలినవాళ్ళు శత్రువు ముట్టుకోకుండానే చచ్చిపోతారు. అంటే తోడుగా ఆడేవాళ్ళే చంపేస్తారన్నమాట, లేదంటే ఆగి ఎదురుచూడాలి. మీ ఇద్దరిలో ముందు ఎక్కేది ఎవరు? ఆగేది ఎవరు? ఆగమని అరిచేది ఎవరు? ఒక అక్కా తమ్ముడూ ఎలా పెరిగారో ఆ ఒక్క స్టేజ్‌లోనే రాయొచ్చు, పక్కన ఇంకే జ్ఞాపకాలూ అక్కర్లేదు.

రాసే ముందు అక్కకి ఫోన్ చెయ్. తనకి వేరేలా గుర్తుంటే గొడవపడకు, తన మాట కూడా అలాగే పెట్టు, రెండూ కలవకపోయినా పర్లేదు. తర్వాత నాకు పంపు, ఏరిత్ ముక్క వేరేగా, ఇది వేరేగా.

ఉంటాను
అన్నయ్య