__గెట్ ఇచ్చే ప్రాపర్టీల వివరాలు ఎక్కడ రాయాలి?

మీ పీహెచ్‌పీ క్లాసులో విలువలన్నీ ఒక అర్రేలో ఉండి, __గెట్ (క్లాసులో లేని ప్రాపర్టీని అడిగితే పీహెచ్‌పీ తానే పిలిచే మెథడ్) ద్వారా బయటికొస్తున్నాయి, ఎడిటర్‌లో వాటి పేర్లు కనిపించట్లేదు, ఏం చేయాలని అడిగారు. క్లాసుకు సరిగ్గా పైనుండే డాక్‌బ్లాక్‌లో, అంటే /** తో మొదలయ్యే కామెంట్‌లో రాయండి. ఒక్కోదానికి ఒక్కో లైను: @ప్రాపర్టీ, టైపు, డాలర్ గుర్తుతో పేరు, చిన్న వివరణ. మార్చకూడనిదైతే @ప్రాపర్టీ-రీడ్. __గెట్ మీద కామెంట్‌గా రాస్తే మనుషులు చదువుకుంటారు గానీ పీహెచ్‌పీస్టార్మ్ లాంటి ఎడిటర్‌కు అర్థం కాదు.

ఒక బిల్లింగ్ ప్రాజెక్టులో ఈ లైన్లు లేక నేను బాగా ఇబ్బంది పడ్డాను. గడువు తేదీ 'డ్యూ_డేట్' అనే పేరుతో ఉంటే, నేను అండర్‌స్కోర్ లేకుండా రాశాను. తెలియని పేరు అడిగితే ఆ __గెట్ నల్ ఇచ్చేది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. గడువు దాటినవాళ్లకు వెళ్లాల్సిన మెసేజ్‌లు వారంపాటు ఆగిపోయాయి. రెండు రాత్రులు టెన్షన్‌తో వెతికితే దొరికింది. తర్వాత కూర్చుని ప్రాపర్టీలన్నీ డాక్‌బ్లాక్‌లో రాసి, కోడ్‌ను నడపకుండానే తప్పులు పట్టే పీహెచ్‌పీస్టాన్ టూల్‌ను లెవెల్ 2లో నడిపితే అలాంటి తప్పులే ఇంకో రెండు చోట్ల బయటపడ్డాయి. అందుకే చెబుతున్నాను, రాయడంతో ఆగకండి, దాన్ని రోజూ చెక్ చేసే టూల్ పెట్టండి. __గెట్ కూడా తెలియని పేరుకు నల్ ఇవ్వకుండా ఎక్సెప్షన్ విసరాలి.

ప్రాపర్టీ ఉందా అని ఇస్‌సెట్‌తో అడిగితే జవాబిచ్చే __ఇస్‌సెట్ మెథడ్ కూడా రాశారా? అది లేకపోతే అర్రేలో విలువ ఉన్నా ఇస్‌సెట్ ఫాల్స్ అంటుంది. రెండు ప్రశ్న గుర్తుల ఆపరేటర్ కూడా ముందు దాన్నే అడుగుతుంది కాబట్టి, మీరు రాసిన డిఫాల్ట్ విలువే ప్రతిసారీ వస్తుంది. డాక్‌బ్లాక్ ఎంత బాగా రాసినా ఇది సరికాదు.

పీహెచ్‌పీ 8.2లో డైనమిక్ ప్రాపర్టీలకు డెప్రికేషన్ (ఇకపై వాడొద్దనే హెచ్చరిక) వచ్చింది కదా అని కంగారు పడకండి. అది క్లాసులో చెప్పకుండా అప్పటికప్పుడు పుట్టించే ప్రాపర్టీల గురించి. __గెట్, __సెట్ ఎప్పటిలాగే పనిచేస్తాయి.

మీ పేర్లు పదిలోపే ఉండి, మారనివైతే మాత్రం ఈ మ్యాజిక్ తీసేసి మామూలు ప్రాపర్టీలుగా రాసేయడమే నయం. 7.4 నుంచి వాటికి టైపు కూడా ఇవ్వొచ్చు. చదివేటప్పుడు ఏదైనా లెక్క కట్టాలంటే 8.4లో ప్రాపర్టీ హుక్స్ ఉన్నాయి. లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ మోడల్స్ అయితే ఐడీఈ హెల్పర్ ప్యాకేజీ టేబుల్ కాలమ్స్ చూసి ఈ లైన్లు తానే రాసిపెడుతుంది.

డేటాబేస్‌లో ఖాళీగా ఉండగల కాలమ్ అయితే టైపులో నల్ కూడా చేర్చండి. మా టీమ్‌లో కొత్త కాలమ్, దాని డాక్‌బ్లాక్ లైను ఒకే కమిట్‌లో రావాలి. లేకపోతే రివ్యూలోనే వెనక్కి పంపిస్తాం.