ఆ కుర్చీలో కూర్చోవలసిన అయ్య

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు ఒంగోలు నుంచి పంపిన కథను అందిన రోజే చదివాను. కలిగిరి నుంచి వచ్చిన ముసలామె ప్లీడరు గుమాస్తాను పట్టుకుని, “ఆ కుర్చీలో కూర్చోవలసిన అయ్య ఇంకా పుట్టలేదా నాయనా?” అని అడిగిన చోట కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు వసారాలో కూర్చుండిపోయాను. అటువంటి మాట రాయగలిగిన అమ్మాయి తరువాతి పేజీలోనే ఆ ముసలామెను ఆత్మకూరు బస్టాండులో వదిలేసి మంత్రి కారు వెంట పరుగెత్తడం చూస్తే నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం చల్లారక ముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీ కథలో 2022లో హైకోర్టులో ఒక న్యాయమూర్తి పదవి ఖాళీ అవుతుంది. మంత్రి ఫోను చేస్తాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆఫీసు ఉన్న నీ ప్లీడరు ఆ రాత్రే హైదరాబాదు రైలెక్కుతాడు, వారం తిరగకుండా ముఖ్యమంత్రి ఎదుట ప్రమాణం చేస్తాడు, చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి తొలి తీర్పు చదువుతాడు. అమ్మా, 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో, నేలపాడులో ఉంది. నెల్లూరు మనిషి అక్కడికి వెళ్ళాలంటే విజయవాడలో దిగాలి. హైకోర్టు న్యాయమూర్తి చేత ప్రమాణం చేయించవలసినది గవర్నరు, లేదా గవర్నరు అందుకు నియమించిన వ్యక్తి. మామూలుగా ఆ పని ప్రధాన న్యాయమూర్తి చేస్తారు. ఇక సుత్తి మన కోర్టుల్లో లేదు, అది సినిమాల్లోంచి వచ్చి నీ కాగితం మీద పడింది. కథకు ఇంతటి వివరం అవసరమా అని నీవు అడగవచ్చు. నా వరకు, ఒక పని ఎలా జరుగుతుందో తెలియని రచయితకు ఆ పని చేసే మనిషి గుండెలో ఏమి జరుగుతుందో కూడా తెలియదు. నలభై ఏళ్ళుగా ఈ మాటే చెబుతున్నాను.

ఆ ఖాళీ ఎలా నిండుతుందో ఒకసారి నాతో నడిచి చూడు. మన హైకోర్టుకు మంజూరైన న్యాయమూర్తుల సంఖ్య 37. అందులో ఒక కుర్చీ ఖాళీ కాబోతున్నదంటే కనీసం ఆరు నెలల ముందే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి తన తరువాతి ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులతో ఆలోచించి పేరు సూచించాలి. ఈ ముగ్గురినీ కలిపి హైకోర్టు కొలీజియం అంటున్నాము. ఆ పేరు ముఖ్యమంత్రికీ గవర్నరుకూ వెళుతుంది. వారి అభిప్రాయం ఆరు వారాల్లోగా ఢిల్లీలో న్యాయశాఖకు చేరాలని పద్ధతి. కేంద్ర నిఘా సంస్థ అయిన ఇంటెలిజెన్స్ బ్యూరో ఆ మనిషి నడవడిని విచారిస్తుంది. ఆ తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి, సుప్రీంకోర్టులోని ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు పరిశీలిస్తారు; ఇది సుప్రీంకోర్టు కొలీజియం. అక్కడి నుంచి న్యాయశాఖ మంత్రి, ప్రధాని, చివరకు రాష్ట్రపతి సంతకం. ఈ మెట్లలో ఏ మెట్టు మీదైనా ఫైలు ఆగవచ్చు, తిరిగి రావచ్చు. అలా ఆగిపోతున్నాయనే 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గడువులు పెట్టవలసి వచ్చింది: బ్యూరో నివేదికకు నాలుగు నుంచి ఆరు వారాలు, ఆ నివేదికా రాష్ట్రం అభిప్రాయమూ అందాక కేంద్రం సుప్రీంకోర్టుకు పంపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, సుప్రీంకోర్టు కొలీజియం అదే పేరును ఏకగ్రీవంగా రెండోసారి పంపితే నియామకానికి మూడు నాలుగు వారాలు.

ఇప్పుడు నీ ప్లీడరును ఈ దారిలో నిలబెట్టు. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం పదేళ్ళు హైకోర్టు అడ్వొకేటుగా గాని, పదేళ్ళు న్యాయాధికారిగా గాని ఉన్నవారు ఈ పదవికి అర్హులు. అతనికి ఆ అర్హత ఉంది. అతన్ని పిలిచి సమ్మతి అడిగారు, ఇచ్చాడు. ఆ రోజు నుంచి అతను ప్లీడరూ కాదు, జడ్జీ కాదు. ఎవరో కొత్త మనిషి వచ్చి వీధి చివర కిరాణా కొట్టులో అతని గురించి వాకబు చేసి పోయాడని ఇంటావిడకు తెలుస్తుంది. ఎలాగూ బెంచీ మీదికి వెళ్ళిపోతాడన్న అనుమానంతో పాత కక్షిదారులు కేసు కట్టలు వెనక్కి అడుగుతారు, కొత్తవాళ్ళు గడప తొక్కరు. వాకిట్లో పలకరించిన ప్రతి తోటి ప్లీడరు కళ్ళలోనూ అతనికి ఒకే ప్రశ్న కనిపిస్తుంది. నెలలు గడుస్తాయి. సమ్మతి ఇచ్చి, ఎదురుచూసి, విసిగి దానిని వెనక్కి తీసుకున్నవారు ఈ దేశంలో ఉన్నారు. అతని స్థానంలో యాభై ఎనిమిదేళ్ళ జిల్లా జడ్జిని పెట్టి చూడు: హైకోర్టు న్యాయమూర్తికి 62 ఏళ్ళకు పదవీ విరమణ గనుక ఆయన ముందున్నవి నాలుగేళ్ళు, ఫైలు ఏడాది ఆగితే మూడు. బల్ల మీద కదలని ఆ ఫైలు ఒక మనిషి జీవితంలో నాలుగో వంతు పదవిని తినేస్తుంటే, నీవు మంత్రి కారు రంగు వర్ణించడానికి పది వాక్యాలు ఖర్చు పెట్టావు.

నీకు మంత్రి ప్రాబల్యం కావలసిందే అయితే కథ కాలాన్ని మార్చు. 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత పన్నెండేళ్ళు ఈ నియామకాల్లో ప్రభుత్వానిదే పైచేయి; 1993లో మరో తీర్పుతో అది న్యాయమూర్తుల చేతికి వచ్చింది. దానిని మార్చడానికి తెచ్చిన న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1985లో నెల్లూరు ప్లీడరు ఇంట్లో మోగిన ఫోనును నేను నమ్ముతాను. 2022లో ప్రభుత్వం చేతిలో ఉన్నది ఫోను కాదు, ఫైలును ఆపి ఉంచగలిగే మౌనం. ఆ మౌనాన్ని రాయడం కష్టమే, అయినా నీవు రాయవలసింది దానినే.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. కందుకూరు దగ్గర మా నాన్నకు ఎకరంన్నర పొలం, దాని గట్టు మీద ఒక దావా ఉండేవి. కింది కోర్టులో గెలిచి, అప్పీలులో ఓడి, పై కోర్టులో రెండో అప్పీలు వేశాడు. ఆరు నెలలకోసారి అక్కడి ప్లీడరు నుంచి కార్డు వచ్చేది. బెంచీలో మనుషులు తక్కువగా ఉన్నారు, పాత రెండో అప్పీళ్ళు లిస్టులోకి రావడం లేదు, కొంత ఓపిక పట్టగలరు, అని. నాన్న ఆ కార్డులన్నిటినీ ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీశాడు. గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అనే సామెత ఆయన నోట ప్రతి పండక్కీ వినేవాళ్ళం. ఆయన పోయాక వారసులుగా మా నలుగురి పేర్లు చేర్చమని దరఖాస్తు పెట్టుకున్నాము. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నాన్న ఎదురుచూసింది ఎవరి కోసమో తెలుసుకోవాలన్న పట్టుదలతోనే నెల్లూరులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరి ఆరేళ్ళు పనిచేశాను. పగలు వకాల్తాలు రాసి, రాత్రి ములాపేటలో అద్దె గదిలో కథలు రాసేవాణ్ణి.

ఆ తీగ గురించి రాసిన కథను ఒక వారపత్రికకు పంపితే, పాఠకులకు ఈ కాగితాల గొడవ పట్టదని సంపాదకుడు కార్డులన్నీ కొట్టేసి, కోర్టు హాలులో నాన్న అరిచే ఒక దృశ్యాన్ని తానే రాసి చేర్చాడు. మా నాన్న జీవితంలో కోర్టులో నోరెత్తి ఎరగడు. అచ్చయిన ప్రతిని మా అమ్మకు చూపించలేకపోయాను. ఇప్పుడు కథల పోటీలది అదే దారి. మూడు పేజీలకు మించకూడదు, చివరి వాక్యంలో మలుపు ఉండాలి. నీ కథ చివర ఆ తీర్పు కొత్త న్యాయమూర్తి కన్నతండ్రికే వ్యతిరేకంగా రావడం అటువంటి మలుపే. సొంత తండ్రి వ్యాజ్యాన్ని ఏ న్యాయమూర్తీ వినడు, తప్పుకుంటాడు. దానిని తీసెయ్యి.

కలం పేరు గురించి, పత్రికల గురించి నీవు అడిగిన వాటికి ఇప్పుడు తొందర లేదు. ఈ వేసవి సెలవులు ముగిశాక ఒక మూడు రోజులు మీ ఒంగోలు కోర్టు వరండాలో, కక్షిదారులు కూర్చునే చోట కూర్చో. బంట్రోతు ఎలా పేరు పిలుస్తాడో, వాయిదా తేదీని గుమాస్తా ఏ కాగితం ముక్క మీద రాసి ఇస్తాడో, చదువురాని మనిషి దానిని ఎక్కడ దాచుకుంటుందో చూడు. తరువాత ఆ కలిగిరి ముసలామెను బస్టాండు నుంచి వెనక్కి తీసుకురా. ఆమె గుడ్డసంచిలో ఏవో కాగితాలు ఉన్నాయని రాశావు గాని అవి ఏమిటో రాయలేదు. అప్పీలు నంబరేమిటో, ఆ వ్యాజ్యం ఏ భూమి గురించో, ఎన్నేళ్ళ నుంచి మోస్తున్నదో రాసి ఆ ఒక్క పేజీ ముందు నాకు పంపు.