నడుము నొప్పి ఒకటే, సెలవు మాత్రం వేరు

ప్రశ్న: మా తమ్ముడు టెక్సాస్‌లో గోదాములో బరువులెత్తుతూ నడుము పట్టేసి, పదో రోజుకే పనిలోకి వెళ్లిపోయాడు. కాలిఫోర్నియాలో మా బావగారు అలాంటి నొప్పికే నెలన్నర ఇంట్లో ఉన్నారు. దేశం ఒకటే కదా, ఎందుకండీ ఇంత తేడా?

జవాబు: దేశం ఒకటే అయినా పని ప్రమాదాల పరిహారం అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టమే అమ్మా. కాలిఫోర్నియాలో మొదటి 3 రోజులు వదిలేసి, తర్వాత జీతంలో సుమారు మూడింట రెండు వంతులు ఇస్తారు. టెక్సాస్‌లో 7 రోజులు ఆగాలి, ఆ మొదటి వారం డబ్బు కూడా రావాలంటే 14 రోజులైనా పనికి వెళ్లలేని స్థితిలో ఉండాలి. ఇంటి అద్దె కట్టాల్సినవాడికి ఆ వారం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు, నొప్పి తగ్గకపోయినా లేచి వెళ్లేది అందుకే. పైగా టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని ఈ పరిహారం ఇచ్చే బీమా తీసుకోవడం తప్పనిసరి కాదు, నా దృష్టిలో ఇది చాలా అన్యాయం. బీమా లేకపోతే యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించి కోర్టులో పరిహారం అడగొచ్చు, కాబట్టి ముందు అది ఉందో లేదో మీ తమ్ముడిని కనుక్కోమనండి.

తేలిక పని ఇచ్చే చోటైతే త్వరగా వెళ్లొచ్చు. మామూలు నడుము నొప్పికి మంచం పట్టడం కంటే మెల్లగా తిరగడమే మేలు. కాలు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఎంత బరువు ఎత్తొచ్చో డాక్టరుతో కాగితం మీద రాయించుకోమనండి.