ఆ కుర్చీ ఎవరిది?

తమ్ముడూ,

స్కాట్లండ్‌లోని గ్లామిస్ కోట మీద నువ్వు రాసిన దయ్యం కథ రెండుసార్లు చదివాను. ఆ కోట దొరసాని జానెట్ దయ్యం కోసం ప్రార్థన మందిరంలో ఖాళీగా ఉంచిన కుర్చీ బాగుంది. కానీ మూడో పేజీలో జానెట్‌ను "మంత్రగత్తె అని తగలబెట్టారు" అన్నావే, అక్కడ ఒళ్లు మండి కాగితాలు పక్కన పడేశాను.

జానెట్ డగ్లస్‌ను ఎడిన్‌బరోలో కాల్చింది 1537 జులై 17న. స్కాట్లండ్‌లో మంత్రగత్తెల చట్టం వచ్చింది 1563లో. ఆమె మీద మోపింది రాజద్రోహం: అయిదో జేమ్స్ రాజుకు విషం పెట్టబోయిందని. అసలు కోపం ఆమె అన్న మీద. ఆంగస్ ప్రభువైన ఆ అన్న రాజుకు మారుతండ్రి, చిన్నప్పుడు రాజును గుప్పిట్లో పెట్టుకున్నవాడు. డగ్లస్ అనే ఇంటిపేరు వింటేనే జేమ్స్‌కు మంట. ఆమె పోయాక గ్లామిస్‌ను లాక్కుని తనే అందులో కొలువుదీరాడు. చెరలో పడిన ఆమె కొడుకు జాన్, 1542లో రాజు చచ్చాకే బయటపడ్డాడు. ఇంత పగ చేతిలో ఉండగా నీకు చేతబడి ఎందుకయ్యా?

దయ్యం కథ అనగానే మన సంపాదకులకు మొదటి పేరాలోనే కేక వినపడాలి. తేదీ కనపడితే కత్తెర వేస్తారు. వాళ్ల మాట వినకు. నీ కుర్చీనే చూడు. చిత్రకారుడు యాకోబ్ డి వెట్ గీసిన బొమ్మలతో ఇప్పుడున్న ఆ మందిరం 1688 నాటిది, జానెట్ కాలిపోయిన 151 ఏళ్లకు. బతికుండగా ఆమె చూడని మందిరంలో ఆమెకు కుర్చీ వేసి ఉంచారు! ఇంతకన్నా ఏం కావాలి? నువ్వు చూడకుండానే దాటేశావు.

తువాళ్ల సంగతి కూడా ఒక్క వాక్యంలో ఊదేశావు. కోటలో రహస్య గది ఎక్కడుందో కనిపెట్టాలని, యజమాని లేని పూట అతిథులు ప్రతి గది కిటికీకీ తువ్వాలు వేలాడదీశారనీ, బయటికొచ్చి చూస్తే కొన్నింటికి లేవనీ కదా కథ. ముందు కోట బొమ్మ గీసుకో. అలాంటి కోటల్లో గోడ మందంలోనే మెలికల మెట్లూ, చిన్నచిన్న అరలూ ఉంటాయి. మెట్లకు కిటికీ ఉంటుంది, గది ఉండదు. అందుకే బయటి లెక్కా లోపలి లెక్కా కలవవు. నీ అతిథి మెట్ల కిటికీలన్నీ లెక్కలోంచి తీసేయాలి. అప్పటికీ ఒకటి మిగలాలి. చెమట పట్టేది అప్పుడే.

వికారంగా పుట్టాడని ఆ రహస్య గదిలో దాచారంటున్న కోట వారసుడు థామస్. వంశావళిలో పుట్టిందీ పోయిందీ ఒక్క రోజే, 1821 అక్టోబర్ 21. మరుసటి ఏడు పుట్టిన తమ్ముడికీ థామస్ అనే పెట్టారు. నువ్వు రాసిన కోరలకంటే నాకు ఈ రెండో థామస్ అంటేనే భయం.

సైతానుతో గడ్డం ప్రభువు (ఎర్ల్ బియర్డీ) పేకాట ఆడిన ముక్క తీసెయ్. అదే కథను స్కాట్లండ్‌లోనే ఉన్న లార్డ్స్‌కెయిర్నీ కోటకూ చెబుతారు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు మూడో పేజీ తిరగరాసి నాకు పంపు.