ఇంట్లో పాట రికార్డు చేద్దామంటే గొంతు వణుకుతోంది. కండెన్సర్ మైకు కొంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: భజనల్లో, పెళ్లిళ్లలో మైకు పట్టుకుని హాయిగా పాడేస్తారు. శ్రీకాకుళంలో మీ ఇంట్లో తలుపేసుకుని ఫోన్‌లో రికార్డు నొక్కగానే మాత్రం గొంతు వణుకుతోంది, పల్లవి అయ్యేలోపే శ్రుతి జారిపోతోంది. మంచి కండెన్సర్ మైకు ఉంటే ఈ బాధ తీరుతుందని ఎవరో చెప్పారు. పదివేల లోపు ఏది కొనాలి అని అడిగారు.

కండెన్సర్ కొనకండి. కనీసం ఇప్పుడప్పుడే వద్దు. మీ టెన్షన్‌కీ మైకుకీ సంబంధం ఉంది గానీ, అది మీకు చెప్పినవాళ్లు అనుకుంటున్న సంబంధం కాదు.

నేను విజయనగరం దాసన్నపేటలో ఉంటాను. పగలు బళ్లో పాఠాలు, సాయంత్రం గుళ్లో కీర్తనలు. 2020లో లాక్‌డౌన్ వచ్చి గుళ్లు మూసేశాక, ఇంట్లోనే పాడి రికార్డు చేసి పంపడం అలవాటైంది. గుళ్లో ఎంతమంది ఉన్నా తొణకని దాన్ని, వంటింటి పక్క గదిలో మీలాగే వణికాను.

నలుగురి ముందు లేని భయం నాలుగు గోడల మధ్య ఎందుకొస్తుంది? భజనలో మీ పక్కన హార్మోనియం ఉంటుంది, తబలా ఉంటుంది, వెనక పదిమంది అందుకుంటారు. ఎక్కడైనా స్వరం తప్పినా ఆ సందట్లో కొట్టుకుపోతుంది. ఇంట్లో అలా కాదు. ట్రాకు, అంటే పాట వెనక మోగే వాద్యాల రికార్డు, హెడ్‌ఫోన్స్‌లో మీ చెవుల్లో మోగుతుంటుంది, అది మీకు మాత్రమే వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లకి వినబడేది తాళం లేని, తోడు లేని ఒట్టి గొంతు. అదీ ఒకే లైను, మళ్లీ మళ్లీ. మా అత్తగారు తలుపు తోసుకుని వచ్చి, “ఏటమ్మా, అదే ముక్క పాడతన్నావు, తరవాతది మర్చిపోనావా?” అని అడిగారు. ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే కంగారుపడ్డారు. కానీ ఆ తర్వాత గది బయట చెప్పుల చప్పుడు వినబడినా నా ఊపిరి సగంలో ఆగిపోయేది.

పైగా ఇది విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు, ఘంటసాల గారూ సుశీల గారూ అక్కడ చదువుకున్నవాళ్లే. ఇలాంటి ఊళ్లో ప్రహరీకి అవతల ఎవరి చెవి ఎంత పదునో చెప్పలేం. నిషాదం కాస్త తగ్గిందని పాలప్యాకెట్ తీసుకుంటూ చెప్పేసే మనుషులున్న వీధి మాది.

అంటే మీరు భయపడుతున్నది మైకుకి కాదు, గోడ అవతలి చెవులకి. దీనికి నాకు పనిచేసిన మందు చాలా చిన్నది. రికార్డు చేసే ముందు ట్రాకుని స్పీకర్‌లో పెట్టి, తలుపు తీసే ఉంచి, పాట మొత్తం ఇంటిల్లిపాదీ వినేలా ఒకసారి పాడేస్తాను. వాళ్లకి అది ఏ పాటో తెలిసిపోతుంది. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా విన్నా ఎవరూ కంగారుపడరు, నాకూ దాచుకోవాల్సింది ఏమీ మిగలదు. అత్తగారికి ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టి, నాకు లోపల ఏం వినబడుతుందో వినిపించాను. అప్పట్నుంచీ నేను పాడుతుంటే ఆవిడే టీవీ సౌండు తగ్గిస్తున్నారు.

హెడ్‌ఫోన్స్ అంటే గుర్తొచ్చింది. శ్రుతి జారడానికి సగం కారణం అక్కడే ఉండొచ్చు. రెండు చెవులూ మూసి ట్రాకు గట్టిగా పెట్టుకుంటే మన గొంతు మనకి సరిగా తెలియదు. ఒక చెవి మీంచి కాస్త పక్కకి జరపండి, జరిపిన వైపు కప్పు బయటికి మోగకుండా తలకే ఆనించి ఉంచండి. బ్లూటూత్‌వి అసలు వద్దు. వాటిలో ధ్వని సెకనులో పదో వంతో అంతకంటే ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. దాన్ని అందుకుంటూ పాడితే ట్రాకుకి మీ గొంతు వెనకబడుతుంది, ఎందుకు వెనకబడిందో మీకు అంతుపట్టదు. వైరు ఉన్నవే వాడండి.

ఇక మైకు సంగతి. కండెన్సర్‌లో పల్చటి పొర ఉంటుంది, దానికి సాధారణంగా ఇంటర్‌ఫేస్ నుంచి, అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె నుంచి, 48 వోల్టుల కరెంటు అందాలి. చాలా సున్నితమైన మైకు. మంచి స్టూడియోలో దానికి తిరుగులేదు. మన ఇళ్లలో మాత్రం ఫ్యాను, కుక్కరు విజిల్, వీధిలో ఆటో, ఎదురింటి కుళాయి అన్నిటినీ పాటతోపాటు పట్టుకొస్తుంది. మా ఆడపడుచు కొడుకు తనది తెచ్చిపెడితే స్టేజీల మీద వాడే రకమైన నా డైనమిక్ మైకు పక్కన పెట్టి ఒకే కీర్తన రెండింటిలో పాడి చూశాను. కండెన్సర్‌లో గొంతు ఇంకాస్త మెరిసింది, కాదనను. కానీ నేను మింగిన గుటక, చీర కుచ్చెళ్ల రాపిడి, రెండు ఇళ్ల అవతల ఎవరో దగ్గడం కూడా వచ్చాయి. అది తెలిశాక మనిషి బిగుసుకుపోతుంది. ఊపిరి తీసుకోవడానికి కూడా జంకు. భయపడే గొంతు ముందు అంత చెవి ఉన్న వస్తువుని పెట్టడం నాకైతే సబబు అనిపించదు.

డైనమిక్ మైకులో అయస్కాంతం మధ్య తీగచుట్ట కదులుతుంది, విడిగా కరెంటు అక్కర్లేదు. అది బయటి చప్పుళ్లని ఏరి పారేస్తుందని కొందరు చెబుతారు, అది సగం నిజమే. అసలు పని చేసేది దగ్గరతనం. మైకుకీ నోటికీ మధ్య దూరం సగానికి తగ్గిస్తే మైకులో గొంతు స్థాయి సుమారు 6 డెసిబెల్స్ (ధ్వని కొలత) పెరుగుతుంది, గదిలో చప్పుడు ఉన్నంతే ఉంటుంది. డైనమిక్ మైకు మీద నాలుగు వేళ్ల దూరంలో పాడొచ్చు కాబట్టి ఫ్యాను గోల వెనక్కి పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని చేత్తో పట్టుకోవచ్చు. మీకు భజనలో అలవాటైన పద్ధతి అదే. చేతిలో మైకు ఉంటే భుజాలు వదులవుతాయి, పై స్థాయికి వెళ్లినప్పుడు చెయ్యి దానంతటదే వెనక్కి జరుగుతుంది. స్టాండు ముందు కొయ్యబొమ్మలా నిలబడటం మీకు రాదు, రావాల్సిన అవసరమూ లేదు.

కాబట్టి నా సలహా, ముందు ఏ మైకూ కొనకండి. మీ భజన బృందం దగ్గరున్న మైకే ఒక వారం అడిగి తెచ్చుకోండి. ఒక మైకు పెట్టుకునే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు, అది మాత్రం కొనుక్కోవాలి. ఇక్కడొక తిరకాసు ఉంది. భజన మైకులకి సాధారణంగా ఆంప్లిఫయర్‌లో గుచ్చే లావుపాటి ఒంటి పిన్ను వైరు ఉంటుంది. దాన్ని ఇంటర్‌ఫేస్‌లో గుచ్చితే ధ్వని నీరసంగా వస్తుంది, మైకు పాడైందని అనుకుంటారు. ఒక చివర మూడు పిన్నులు, రెండో చివర మూడు రంధ్రాలు ఉండే ఎక్స్ఎల్ఆర్ కేబుల్ విడిగా కొని, మైకు ఇన్‌పుట్‌లో పెట్టండి.

కొనే తీరాలంటే, ష్యూర్ ఎస్ఎం58 అనేది 1966 నుంచి వస్తున్న మైకు, స్టేజీల మీద మీరు చూసే ఉంటారు. గట్టిది, ఇంట్లోనూ బాగుంటుంది. దానికి నకిలీలు విపరీతం. సగం ధరకి ఇస్తామంటే ఆశపడకండి, కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో తీసుకోండి. దానికి ఇంటర్‌ఫేస్ కూడా కలిస్తే మీ పదివేలు దాటిపోవచ్చు. అంత వద్దనుకుంటే శామ్‌సన్ క్యూ2యూ లాంటిది చూడండి. అదీ డైనమిక్కే, యూఎస్‌బీ వైరుతో నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు, హెడ్‌ఫోన్స్ గుచ్చే రంధ్రం మైకుకే ఉంటుంది కాబట్టి మీ గొంతు ఆలస్యం లేకుండా వినబడుతుంది. రేపు ఇంటర్‌ఫేస్ కొన్నా అదే మైకు పనికొస్తుంది. ధరలు రోజుకో రకంగా ఉంటున్నాయి, కొనేముందు రెండు మూడు చోట్ల చూసుకోండి.

మైకు ఎటు తిప్పాలన్నది మైకు ధర కంటే పెద్ద విషయం. పాడేవాళ్ల మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం. ముందు నుంచి బాగా వింటాయి, వెనక నుంచి చాలా తక్కువ. కాబట్టి చప్పుడు వచ్చే కిటికీ మైకు వెనక ఉండాలి. అంటే మీరు కిటికీ వైపు మొహం పెట్టి పాడాలి. చాలామంది దీనికి వ్యతిరేకంగా చేస్తారు. అలాగే దుప్పట్లు మైకు వెనక గోడకి కడతారు. కట్టాల్సింది మీ వీపు వెనక, ఎందుకంటే మైకు చూస్తున్నది ఆ గోడనే. మందపాటి బొంత ఒకటి దండెం మీద వేసి దాని ముందు నిలబడండి, శ్లాబు గదిలో వచ్చే గంగాళం మోత చాలావరకు తగ్గుతుంది. ఇనప బీరువా పక్కన మాత్రం వద్దు, మంద్రంలో పాడితే దాని తలుపు గలగలమంటుంది.

ఛార్జరు పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి, సన్నటి జుయ్ మనే మోత పోవచ్చు. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. గెయిన్‌ని, అంటే మైకు ధ్వనిని ఎంత పెంచాలో చెప్పే మీటని, పల్లవి పాడి సరిచూసుకోవద్దు, చరణంలో మీ గొంతు అందుకునే అతి పై లైను పాడి, రికార్డింగు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. రికార్డింగు సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 24 బిట్ ఎంచుకుని రికార్డు చేస్తే కాస్త తక్కువ స్థాయిలో వచ్చినా ఏమీ కాదు, తర్వాత పెంచుకోవచ్చు. పై స్థాయిలో ధ్వని పగులుతుందేమో అన్న బెంగ పోతే గొంతు ధైర్యంగా తెరుచుకుంటుంది.

పాడే వరస గురించి కూడా చెప్పాలి, నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. పల్లవి మొదట పాడకండి. రికార్డు నొక్కేసి వదిలేయండి, అది నడుస్తుండగానే నీళ్లు తాగండి, సరళీ వరుసలు రెండు అనుకోండి, సా పట్టుకుని నిలబడండి. ఎర్ర దీపం వెలుగుతున్న సంగతి కాసేపటికి మనసు మర్చిపోతుంది. అప్పుడు మీకు బాగా ఇష్టమైన చరణం ఎత్తుకోండి. పల్లవి అందరికీ తెలిసిన భాగం, అందరూ పట్టిపట్టి వినేదీ అదే. దాన్ని గొంతు వేడెక్కాక, ఆఖర్న పాడుకుని అతికించుకోవచ్చు. ద్వారం వారి కాలంలో 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్కకి మూడు నిమిషాల చిల్లర, మధ్యలో చిన్న తప్పు దొర్లినా మొత్తం మళ్లీ మొదటినుంచే. మనకి ఆ ఇబ్బంది లేదు, లేనప్పుడు వాడుకోకపోవడం దేనికి?

కంగారులో ఊపిరి ఛాతీ పైనే ఆడుతుంది, గొంతు పైకి లేస్తుంది. పాడేముందు ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి. అప్పటికీ పై స్వరాలు వణికితే అర శ్రుతి దించుకోండి. గుళ్లో ఐదున్నర శ్రుతిలో పాడేదాన్ని ఇంట్లో ఐదు శ్రుతిలో పాడుతుంటాను. విన్నవాళ్లెవరూ తేడా అడగలేదు.

పాడిన వెంటనే మాత్రం వినకండి. మన గొంతు మనకి మామూలుగా గాలిలోంచే కాక తల ఎముకల్లోంచి కూడా వినబడుతుంది. రికార్డులో ఆ రెండోది ఉండదు కాబట్టి పల్చగా, పరాయిగా అనిపిస్తుంది. అలసిపోయి ఉన్నప్పుడు అది వింటే అంతా తుడిచేయాలనిపిస్తుంది. మర్నాడు పొద్దున్న వినండి.

వేళ కూడా చూసుకోవాలి. మా వీధిలో మధ్యాహ్నం రెండు దాటాక బడి పిల్లలు వచ్చేదాకా చీమ చిటుక్కుమనదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులు, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజుల్లో ఊరంతా హోరు. అప్పుడు ఏ మైకూ మిమ్మల్ని కాపాడలేదు, వెళ్లి పండగ చూసుకోవడమే.

మీది శ్లాబు ఇల్లో, పెంకుటిల్లో రాయలేదు. పెంకుటింట్లో మోత తక్కువ, బొంత అవసరం పడకపోవచ్చు, వాన పడితే మాత్రం ఆ పూటకి మానుకోవాలి. రేకుల గది అయితే మధ్యాహ్నం ఎండకి రేకు టక్కుటక్కుమంటుంది, మీరు రాత్రి పూట పెట్టుకోండి. ఏ ఇల్లో, రికార్డు చేసేది ఫోన్‌లోనా ల్యాప్‌టాప్‌లోనా చెబితే ఇంటర్‌ఫేస్ ఏది సరిపోతుందో కింద రాస్తాను.