నీలి సాటిన్ జోలికి వెళ్ళేముందు

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ వేసిన 'ప్రిన్సెస్ ద బ్రోయ్' తైలవర్ణ చిత్రానికి నకలు వేయబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. పలకడం బ్రోయ్ అని పలికినా, మనం ఇంటర్ ఫిజిక్స్‌లో డీబ్రోగ్లీ అని చదువుకున్న ఇంటిపేరే అది. ఆ శాస్త్రవేత్త బొమ్మలోని ఈవిడకు స్వయానా మనవడు. 1851-53 మధ్య వేసిన ఈ బొమ్మలో అందరి కళ్ళూ నీలి సాటిన్ గౌను మీదే పడతాయి. నువ్వూ అక్కడే మొదలుపెట్టాలని ఉబలాటపడుతుంటావు. వద్దమ్మా. గీత తప్పితే ఆ సాటిన్ ఎంత మెరిసినా లాభం లేదు.

అసలు చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, 121.3 × 90.8 సెం.మీ. మ్యూజియం సైట్‌లోనే పెద్ద ఫైలు ఉచితంగా దొరుకుతుంది, దాన్నే ప్రింటు తీయించుకో. బయట దొరికే బొమ్మల్లో గౌను ఒక్కోదాంట్లో ఒక్కో నీలంగా ఉంటుంది, వాటిని నమ్ముకోకు. కొలత మూడింట రెండు వంతులు, అంటే సుమారు 81 × 60.5 పెట్టుకో. అసలు కొలతలో ఎప్పుడూ వేయకు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని నకళ్ళు వేసేవాళ్ళకు కూడా కొలతలో కనీసం ఐదో వంతు తేడా ఉండాలని, చిత్రకారుడి సంతకం దించకూడదని నియమం. ఇంట్లో వేసుకున్నా అదే మర్యాద.

మామూలు కాటన్ కాన్వాస్ కొనకు, దాని నేత చెంపల మీద కనబడిపోతుంది. సన్ననేత లినెన్ మీద గెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగుపూత) నాలుగు పూతలు వేసి, ప్రతి పూతా ఆరాక 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్దు. అరచేత్తో తడిమితే కోడిగుడ్డు పెంకులా తగలాలి. అద్దంలా నున్నగా అయ్యేదాకా రుద్దితే మాత్రం రంగు పట్టుకోక జారిపోతుంది.

కాన్వాస్ మీద 5 సెం.మీ. గళ్ళు గీసుకో, ప్రింటు మీద అదే నిష్పత్తిలో. ముఖానికీ చేతులకీ గడిని మళ్ళీ సగం చెయ్యి. ఇక్కడ వారం పట్టినా పట్టనీ. ఆవిడ చేతులూ వేళ్ళూ ఎముకలే లేనట్టు సాగి ఉంటాయి. నేర్చుకున్న అనాటమీ గుర్తొచ్చి సరిచేయాలనిపిస్తుంది. చేశావా, ఆంగ్ర్ పోయి ఏదో పెళ్ళి ఫోటో మిగులుతుంది. గీసింది అద్దంలో చూడు, తలకిందులు చేసీ చూడు. కళ్ళలో ఎగుడుదిగుడు అప్పుడే బయటపడుతుంది.

తర్వాత రా అంబర్ అనే మట్టి గోధుమరంగుని టర్పెంటైన్‌తో పల్చగా చేసి వెలుగునీడలన్నీ ఒక్క రంగులోనే వేసెయ్. ఆ రంగు త్వరగా ఆరుతుంది. అడుగుపొరలో ఐవరీ బ్లాక్ వాడకు. అది ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది, పైపొర ముందు ఆరిపోయి బీటలిస్తుంది. రెండో పొరలో మూడు పాళ్ళ టర్పెంటైన్‌కి ఒక పాలు అవిసె నూనె, మూడో పొరలో సమానం. నూనె పొరపొరకీ పెరగాలే కాని తగ్గకూడదు.

ముఖానికి తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్ లైట్, రా అంబర్ చాలు. ఆంగ్ర్ కాలంలో వాడింది సీసపు తెలుపు, అది విషం. మనకు టైటానియం తెలుపే గతి. కానీ అది చాలా బలమైనది, కొంచెం ఎక్కువైతే ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. అందుకే ముందు ఓకర్, ఎరుపు కలుపుకుని, తెలుపు చివర్లో కొద్దికొద్దిగా చేర్చు. ఈ ముఖంలో పెద్ద నీడలంటూ లేవు, ఉన్నదంతా లేత బూడిదరంగు ఛాయే. కలిపిన రంగు సరిపోయిందో లేదో తెలియాలంటే పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద చుక్క పెట్టి, ప్రింటు మీద ఆనించి పగటి వెలుతురులో చూడు.

ఇక సాటిన్. ప్రష్యన్ బ్లూ రాక్షసి రంగు. నిమ్మకాయంత తెలుపులో బియ్యపు గింజంత వేసి మొదలుపెట్టు. లేత నుంచి ముదురు దాకా ఐదు ఛాయలు ముందే కలిపి వరసగా పెట్టుకో. మధ్యలో మళ్ళీ కలపబోతే అదే నీలం రాదు. ఒక్క మడతను దగ్గరగా చూడు. మెరుపు గీతకు ఒక అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, రెండో అంచు కరిగిపోతుంది. ఆ పదును పక్కనే బాగా ముదురు నీలం, నీడ నడుమ ఎక్కడో కాస్త వెనక్కి తిరిగిన వెలుగు. రెండంచులూ పదునుగా వేస్తే రేకు, రెండూ కరిగిస్తే వెల్వెట్. మెరుపుకు అచ్చ తెలుపు వాడకు, చిటికెడు నీలం ఉండాలి. అంచులు కరిగించేది పొడి మెత్తని కుంచెతో, ఒత్తకుండా రెండు మూడుసార్లే. ఆపైన ముట్టుకుంటే బురదే.

లేసుకు ముందు బూడిదరంగు పరిచి, ఆరాక తెల్లచుక్కలు పెట్టు. కుర్చీకి బంగారు పెయింటు వద్దు, ఓకర్, అంబర్, పైన నేపుల్స్ ఎల్లో అనే లేత పసుపు.

నీడలు ఆరి వెలిసినట్టు కనబడితే భయపడకు. అవిసె నూనె పల్చగా రాసి, గుడ్డతో పూర్తిగా తుడిచెయ్. ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి పారెయ్. వార్నిష్ ఆరు నెలల తర్వాతే. కాన్వాస్ వెనక నీ పేరు, సంవత్సరం, 'ఆంగ్ర్ చిత్రానికి నకలు' అన్న మాట రాయి.

గీత పూర్తయ్యాక, రంగు ముట్టుకోకముందు, కిటికీ వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఎదురుగా ఒక ఫోటో తీసి పంపు. చూసి చెబుతాను.